పాత నాస్ తీసేయకండి, ముందు దాని పక్కన కొత్తది పెట్టండి

ప్రశ్న: మాది ఆరుగురు పనిచేసే చిన్న ఆర్కిటెక్టు ఆఫీసు. 2019లో నాలుగు డిస్కులు పట్టే సైనాలజీ కంపెనీ నాస్ (నెట్‌వర్క్ మీద అందరూ కలిసి వాడుకునే ఫైళ్ల బాక్సు) కొన్నాం. ఒక్కో డిస్కు 4 టీబీ. డ్రాయింగులు, స్కాన్లు, లెక్కలు అన్నీ దాంట్లోనే ఉన్నాయి. ఆఫీసు కంప్యూటర్లకు బ్యాకప్ కూడా అదే తీస్తుంది. ఇప్పుడు 90 శాతం నిండిపోయింది. ఇంట్లో అదే కంపెనీది రెండు డిస్కుల చిన్న బాక్సు ఉంది. దాంట్లో కుటుంబం ఫోటోలు పెట్టుకున్నాం. మా మామయ్యగారు నాలుగేళ్లుగా ఓపిగ్గా కూర్చుని పాత ఫోటోల్లో ఒక్కొక్కరి ముఖానికీ పేరు పెడుతున్నారు. 2025లో ఆ కంపెనీ మా డిస్కులే వాడాలని చెప్పి, తర్వాత వెనక్కి తగ్గడం చూశాక నాకు నమ్మకం పోయింది. "రెండూ తీసేసి వేరే బ్రాండుకి మారిపో అక్కా" అంటున్నాడు మా తమ్ముడు. ఆఫీసులో పని ఎక్కడ ఆగిపోతుందోనని నాకు టెన్షన్‌గా ఉంది. మారాలా, వద్దా?

సమాధానం: మీ తమ్ముడు రెండు బాక్సులనూ ఒకే గాటన కట్టేశారు. నేను విడదీసి చెబుతాను. ఆఫీసులో బ్రాండు మార్చవచ్చు, కానీ మీరు భయపడుతున్న పద్ధతిలో కాదు. ఇంట్లోది మాత్రం ఇప్పుడు కదపకండి.

ముందు ఆ 2025 సంగతి. ఏప్రిల్‌లో సైనాలజీ చెప్పింది ఆ ఏడాది వచ్చే ప్లస్ మోడళ్ల గురించి. తన పేరుతో అమ్మే డిస్కులు, లేదా తాను ఆమోదించిన డిస్కులు ఉంటేనే వాటిలో పూర్తి సపోర్టు అంది. వాడేవాళ్లు గట్టిగా వ్యతిరేకించారు. అక్టోబరులో ఆ బాక్సుల్ని నడిపే సాఫ్ట్‌వేర్ డీఎస్ఎం కొత్త వెర్షన్ 7.3 వచ్చినప్పుడు మామూలు సాటా హార్డ్ డిస్కుల విషయంలో ఆ షరతు తీసేసింది. మీ 2019 బాక్సుకు ఆ షరతు అసలు వర్తించనే లేదు. కాబట్టి మీకు నేరుగా జరిగిన నష్టం ఏమీ లేదు. అయినా మీ మనసు విరగడంలో తప్పులేదు. ఒకసారి అలా అనుకున్న కంపెనీ మళ్లీ అనుకోదని హామీ ఏముంది? కానీ కోపం అనేది మారాలనే ఆలోచన పుట్టడానికి కారణం కావచ్చు, ఈ వారమే మారిపోవడానికి కారణం కాకూడదు.

బాక్సును నిజంగా వదిలించుకోవాల్సిన పరిస్థితులు వేరే ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోవడం. వెస్టర్న్ డిజిటల్ వాళ్ల మై బుక్ లైవ్ అనే బాక్సుకు 2015 తర్వాత అప్‌డేట్ రాలేదు. డిస్కు బాగానే తిరుగుతోంది కదా అని జనం వాడుతూనే ఉన్నారు. 2021 జూన్‌లో ఇంటర్నెట్‌కు తగిలించి ఉన్న ఆ బాక్సుల్లోకి ఎవరో దూరి, కొన్నప్పటి స్థితికి రీసెట్ చేసేశారు. ఎంతోమంది ఏళ్ల తరబడి దాచుకున్న ఫోల్డర్లు తెరిచి చూసేసరికి ఖాళీ. బాక్సు చెడిపోలేదు, డిస్కు చెడిపోలేదు. కంపెనీ పట్టించుకోవడం మానేసింది, అంతే.

కంపెనీయే లేకుండా పోవడం ఇంకొకటి. డ్రోబో ఒకప్పుడు ఎంతోమంది ఫోటోగ్రాఫర్లు ఇష్టంగా వాడిన బాక్సు. దాన్ని నడిపిన స్టోర్‌సెంట్రిక్ 2022 జూన్‌లో దివాలా రక్షణ కోరింది. 2023 ఏప్రిల్‌కల్లా ఆ వ్యవహారం మూసివేతకు మారింది. డ్రోబో డిస్కుల మీద రాసే పద్ధతి దాని సొంతం. ఆ డిస్కులు తీసి మామూలు కంప్యూటర్‌కు పెడితే ఏమీ చదవలేం. ఈ విషయంలో మీ పాత బాక్సు నయం. అది లోపల లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో అందరూ వాడే పద్ధతులతోనే డిస్కుల్ని కలుపుతుంది కనుక, రేపు బాక్సు కాలిపోయినా ఆ డిస్కుల్ని లైనక్స్ కంప్యూటర్‌లో పెట్టి చదవడానికి దారి ఉంది. ఎలా చేయాలో కంపెనీయే రాసి పెట్టింది.

మీరు రోజూ వాడే పనిని కంపెనీ తీసేస్తే అదీ మారడానికి తగిన కారణమే. 2024లో డీఎస్ఎం 7.2.2తో వీడియో స్టేషన్ తీసేశారు. ఇంట్లో సినిమాలు, వీడియోలు దాని మీదే చూసుకునేవాళ్లకు అది పెద్ద దెబ్బ. మీకు దాంతో సంబంధం లేదు. ఎవరికి ఏది అవసరమో దాన్నిబట్టే ఇలాంటివి చూడాలి.

మరి వేరే బ్రాండుకు వెళ్తే అంతా క్షేమమా అంటే అదీ కాదు. 2021లో క్యూలాకర్, 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే దాడులు క్యూనాప్ బాక్సుల్లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగాయి. ఫిబ్రవరిలో డెడ్‌బోల్టే అసస్టర్ బాక్సుల మీదా పడింది. 2014లో సైనాలజీ బాక్సులకూ సైనోలాకర్ తగిలింది. ఈ దాడులు ముఖ్యంగా ఇంటర్నెట్‌కు నేరుగా తలుపు తెరిచి పెట్టిన బాక్సుల మీదే జరిగాయి. ఏ బ్రాండు కొన్నా సరే, ఇంటి నుంచి ఫైళ్లు చూడాలంటే వీపీఎన్ (ఇంటర్నెట్ మీద వేసుకునే రహస్య దారి) ద్వారా రండి. రౌటర్‌లో పోర్టు తెరిచి పెట్టకండి.

ఇప్పుడు మీ ఉత్తరంలో లేని ఒక మాట గురించి. ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ఆఫీసు కంప్యూటర్లకు బ్యాకప్ నాస్‌లో ఉందన్నారు. ఆ నాస్‌కు బ్యాకప్ ఎక్కడుంది? నాలుగు డిస్కులున్నాయి, ఒకటి పోయినా ఫైళ్లు ఉంటాయని మీరు ధైర్యంగా ఉన్నారేమో. ఆ ఏర్పాటు డిస్కు పోతే కాపాడుతుంది. ఎవరైనా పొరపాటున ప్రాజెక్టు ఫోల్డర్ చెరిపేస్తే, దొంగలు పడితే, వైరస్ తాళం వేస్తే కాపాడదు. పైగా ఆ నాలుగు డిస్కులూ ఒకే రోజు కొన్నవి, ఆరేళ్లు దాటి తిరుగుతున్నవి. ఒకటి పోతే దాని స్థానంలో కొత్తది పెట్టినప్పుడు మిగిలిన మూడూ మొదటినుంచి చివరిదాకా చదవబడతాయి. ముసలి డిస్కులకు అంతకన్నా కష్టమైన రోజు ఉండదు. రెండోది కూడా అదే రోజు మొరాయిస్తే మీ ఆఫీసు ఆరేళ్ల పని పోతుంది.

అందుకని మీరు ఎలాగూ ఇంకో బాక్సు కొనాలి, బ్యాకప్ కోసం. నా సలహా అంతా ఇక్కడే ఉంది. ఆ రెండో బాక్సును వేరే బ్రాండుది తీసుకోండి. పాతదాన్ని తీసేయడానికి కాదు, పాతదానికి తోడుగా. రోజూ రాత్రి పాత బాక్సులోని ఫైళ్లు ఆర్‌సింక్ పద్ధతిలో కొత్తదానిలోకి కాపీ అయ్యేలా పెట్టండి. ఆర్‌సింక్ ఏ ఒక్క కంపెనీదీ కాదు, లైనక్స్ లోకంలో ఎప్పటినుంచో ఉన్నదే. కొత్త బాక్సు దాన్ని అందుకోగలదా అని మాత్రం కొనేముందు చూసుకోండి. కొత్తదానిలో స్నాప్‌షాట్లు, అంటే ఏ రోజు ఫైలు ఎలా ఉందో గుర్తుంచుకుని వెనక్కి తెచ్చే ఏర్పాటు, కూడా పెట్టుకోండి. లేకపోతే పాతదానిలో చెడిన ఫైలు ఆ రాత్రికే కొత్తదానిలోనూ చెడిపోయి కూర్చుంటుంది.

ఇలా రెండు నెలలు నడపండి. ఈ రెండు నెలల్లో ఆ కొత్త బ్రాండు మీకు అర్థమైపోతుంది. అప్‌డేట్లు ఎంత తరచుగా వస్తున్నాయి, అప్‌డేట్ చేశాక మళ్లీ సరిగా లేస్తోందా, డిస్కులో తేడా వస్తే మీకు మెయిల్ వస్తోందా, సపోర్టుకు రాస్తే మనిషి జవాబిస్తున్నాడా. వారానికోసారి ఏదో ఒక పాత డ్రాయింగును కొత్త బాక్సులోంచి తీసి తెరిచి చూడండి. తృప్తిగా ఉంటే అప్పుడు పాత్రలు మార్చండి: కొత్తది ముందుకు, పాతది బ్యాకప్‌కు. నచ్చకపోతే అది బ్యాకప్‌గానే ఉండిపోతుంది, మీకు పోయేదేమీ లేదు. మారాలా వద్దా అన్న ప్రశ్నకు కొనకముందే జవాబు తేల్చాల్సిన అవసరం ఇలా తప్పుతుంది.

ఒక్కసారిగా మారితే ఏమవుతుందో నేను చూశాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన చోట శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి సోమవారం పొద్దుటికల్లా కొత్త బాక్సు సిద్ధం చేశాను. ఫైళ్లన్నీ వచ్చాయి. లెక్కపెట్టి చూశాను, ఒక్కటీ తగ్గలేదు. కానీ ఎవరు ఏ ఫోల్డర్ చూడవచ్చు అన్న అనుమతులు ఒక బ్రాండు నుంచి ఇంకో బ్రాండుకు వాటంతట అవి రావు. పదిన్నరకు కొత్తగా చేరిన అమ్మాయి నా దగ్గరికొచ్చి "సార్, ఇది నేను చూడొచ్చా?" అని అడిగింది. ఆమె తెర మీద జీతాల ఫోల్డర్ తెరిచి ఉంది. ఆమె మంచిది కాబట్టి అడిగింది. అంతకుముందు ఎవరెవరు చూశారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ వారమంతా ఆఫీసులో గుసగుసలే.

మీరు ఆ రెండు నెలల్లోనే ఒక కాగితం మీద రాసుకోండి: ఎవరెవరు వాడుతున్నారు, ఎవరికి ఏ ఫోల్డర్ కనిపించాలి, ఎవరు మార్చవచ్చు, ఎవరు చూడటం వరకే. ఆరుగురే కాబట్టి అరగంట పని. కొత్త బాక్సులో ఆ యూజర్లను చేతితో తయారు చేసి, ఒక్కొక్కరి పేరుతో లాగిన్ అయి లెక్కల ఫోల్డర్ తెరవడానికి ప్రయత్నించండి. తెరుచుకోకూడని చోట తెరుచుకోలేదని కంటితో చూడాలి.

ఆర్కిటెక్టు ఆఫీసు కాబట్టి మీకు ఇంకో ప్రత్యేకమైన చిక్కు ఉంది. క్యాడ్ డ్రాయింగులు ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి కదా, ఎక్స్‌రెఫ్‌లు. ఫ్లోర్ ప్లాన్ ఫైలు ఎక్కడో ఉన్న కాలమ్ గ్రిడ్ ఫైలును దాని పూర్తి అడ్రసుతో గుర్తుపెట్టుకుని ఉంటే, ఆ అడ్రసులో బాక్సు పేరు కూడా ఉండవచ్చు. బాక్సు పేరు మారితే డ్రాయింగు తెరవగానే సగం గీతలు మాయం. మీ వాళ్లు జెడ్ డ్రైవ్ అనో ఇంకో అక్షరంతోనో వాడుతున్నారా, నేరుగా బాక్సు పేరుతో వెళ్తున్నారా అడిగి తెలుసుకోండి. ఏదైనా సరే, మార్చే రోజున కొత్త బాక్సుకు పాతదాని పేరే పెట్టండి, ఐపీ అడ్రసు కూడా అదే ఇవ్వండి, షేర్డ్ ఫోల్డర్ల పేర్లు అక్షరం తేడా లేకుండా ఉంచండి. ఒకే పేరుతో రెండు బాక్సులు నెట్‌వర్క్‌లో ఉండకూడదు కాబట్టి ముందు పాతదానికి కొత్త పేరు, కొత్త ఐపీ పెట్టి, తర్వాత కొత్తదానికి పాత పేరు ఇవ్వాలి.

స్కానర్‌ను మరిచిపోకండి. నెట్‌వర్క్ ఫోల్డర్‌లోకి పంపే పాత స్కానర్లలో చాలావాటికి ఎస్ఎంబీ1 అనే పాత భాషే తెలుసు. భద్రత లేదని కొత్త బాక్సులు దాన్ని మూసేసి ఉంచుతాయి. స్కానర్ కోసం మొత్తం బాక్సులో ఆ తలుపు తెరవకండి. స్కానర్ మెయిల్‌కు పంపగలదేమో చూడండి, లేదా స్కాన్లను ఒక కంప్యూటర్‌లోకి తీసుకుని అక్కడినుంచి పంపండి.

టైము గురించి కూడా అంచనా ఉండాలి. నాలుగు 4 టీబీ డిస్కుల్లో ఒక డిస్కంత జాగా రక్షణకు పోగా వాడుకోవడానికి 12 టీబీ వస్తుంది, 90 శాతమంటే సుమారు 10.8 టీబీ. మామూలు గిగాబిట్ నెట్‌వర్క్‌లో సెకనుకు 110 ఎంబీ వేగంతో వెళ్లినా 27 గంటలకు పైనే పడుతుంది. మీవి లక్షల కొద్దీ చిన్న ఫైళ్లయితే అంతకు రెండు మూడు రెట్లు పట్టవచ్చు. నేను చెప్పిన పద్ధతిలో ఈ మొదటి కాపీ ఎవరికీ తెలియకుండా రాత్రిళ్లు జరిగిపోతుంది. మార్చే శుక్రవారం మీరు చేయాల్సిందల్లా పాతదాన్ని చూడటానికి మాత్రమే వీలయ్యేలా చేసి, ఆ రోజు మారిన ఫైళ్లు మాత్రం కాపీ చేయడం. ఇది గంట రెండు గంటల పని.

పాత డిస్కుల్ని తీసి కొత్త బాక్సులో పెడితే సరిపోదా అని మీ తమ్ముడు అడగవచ్చు. సరిపోదు. బ్రాండు మారితే కొత్త బాక్సు ఆ డిస్కుల్ని చెరిపేసి మొదటినుంచి మొదలుపెడుతుంది. కొత్త బాక్సుకు కొత్త డిస్కులే కొనండి. బాక్సు ఎంతకు వస్తుందో చూసి సంబరపడకండి, ఖర్చు ఎక్కువగా డిస్కులదే. డిస్కులు కొనేటప్పుడు సీఎంఆర్ రకం అని రాసి ఉందో లేదో చూడండి. ఎస్ఎంఆర్ రకం చవక, కానీ కొత్త డిస్కు పెట్టి మళ్లీ కలిపేటప్పుడు విపరీతంగా నెమ్మదిస్తుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్ఎంఆర్ అని బయటపడ్డాక ఎంతమంది చిక్కుల్లో పడ్డారో ఈ రంగంలో ఉన్నవాళ్లకు గుర్తే.

ఇంతలో నిండిపోయిన 90 శాతం సంగతి. మీరు డిస్కుల్ని ఎస్‌హెచ్‌ఆర్ అనే సైనాలజీ పద్ధతిలో కలిపి పెట్టుకుని ఉంటే, కొత్త బాక్సులో బ్యాకప్ పూర్తయ్యాక, పాతదానిలో రెండు డిస్కుల్ని 12 టీబీవి చేస్తే చాలు, 12 టీబీ జాగా 20 టీబీ అవుతుంది. ఒకటి మార్చి, అది పూర్తిగా కలిసిపోయాకే రెండోది మార్చాలి. బ్యాకప్ లేకుండా మాత్రం ఈ పని మొదలుపెట్టకండి. ఎందుకో పైనే చెప్పాను.

కంప్యూటర్ల బ్యాకప్ చరిత్ర కొత్తదానిలోకి రాదు. అది ఆ కంపెనీ యాప్ తనకు అనువైన రూపంలో దాచుకుంది, ఆ యాప్‌తోనే తెరవాలి. దానికి బాధపడకండి. కొత్త బాక్సులో కొత్తగా బ్యాకప్ మొదలుపెట్టి, పాత చరిత్రను పాత బాక్సులోనే అవసరం తీరేదాకా ఉంచండి. పాతదాన్ని పారేయొద్దని చెప్పడానికి ఇది ఇంకో కారణం.

ఏ బ్రాండు అని అడిగితే, మీ ఆఫీసులో కంప్యూటర్ల సంగతి చూసుకునే మనిషి విడిగా లేడు కాబట్టి ట్రూనాస్ అనే నాస్ సాఫ్ట్‌వేర్ లాంటివి వద్దంటాను. అది చాలా మంచిది, డేటా భద్రతలో అది ఫైళ్లు దాచే జెడ్ఎఫ్ఎస్ పద్ధతిని నేను ఎంతో గౌరవిస్తాను, కానీ దాన్ని ప్రేమగా చూసుకునే మనిషి కావాలి. క్యూనాప్‌లో హార్డ్‌వేర్ బలంగా ఉంటుంది, సెట్టింగులు ఎక్కువ, అప్‌డేట్లు వెంటవెంటనే చేసుకునే అలవాటు ఉండాలి. యూగ్రీన్ ఈ రంగంలోకి ఈమధ్యే వచ్చింది. బాక్సు గట్టిదే, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఇంకా వయసు రావాలి. బ్యాకప్ పాత్రలో పరీక్షించడానికి అది పనికొస్తుంది. ఏది కొన్నా ఒక్క పని చేయండి: ఆ కంపెనీ కొత్త మోడల్ చూడకండి, పదేళ్ల కిందటి మోడల్ పేరు వెతికి దానికి చివరి సెక్యూరిటీ అప్‌డేట్ ఎప్పుడు వచ్చిందో చూడండి. రేపు మీ బాక్సు పాతబడ్డాక మీతో ఎలా ఉంటారో అక్కడే తెలుస్తుంది. కంపెనీకి పదేళ్ల చరిత్రే లేకపోతే, దాన్ని బ్యాకప్ పాత్రలో ఇంకొన్నాళ్లు ఉంచండి.

వేగంగా ఉంటుందని 10 గిగాబిట్ బాక్సుకు ఎక్కువ పెట్టకండి. ఆఫీసులో ఉన్న స్విచ్, కంప్యూటర్లు గిగాబిట్‌వే అయితే ఆ వేగం బాక్సు వెనకే ఆగిపోతుంది.

ఇక ఇల్లు. మామయ్యగారి పని గురించి చదివాక నేను అసలు కంగారుపడింది అక్కడ. పాత రోజుల్లో ఫోటో కింద ఆల్బమ్ పేజీ మీద పేర్లు రాసేవాళ్లు కొందరు, ఫోటో వెనకాలే పెన్సిల్‌తో రాసేవాళ్లు కొందరు. ఆల్బమ్ చిరిగితే మొదటివాళ్ల పేర్లు పోయేవి, రెండోవాళ్లవి ఫోటోతోపాటే ఉండేవి. ఆయన ముఖాలకు పెట్టిన పేర్లు ఆల్బమ్ పేజీ మీద రాసినట్టే, సైనాలజీ ఫోటోస్ యాప్ డేటాబేసులో ఉంటాయి. ఫోటోల్ని వేరే బ్రాండులోకి కాపీ చేస్తే ఫోటోలు వస్తాయి, ఈవిడ పెద్దత్తగారు, ఈ పిల్లాడు మీ ఆయన అన్న పేర్లు రావు. నాలుగేళ్ల కష్టం ఒక్క వారాంతంలో పోతుంది. ఆయనకు ఆ సంగతి చెప్పాల్సింది మీరే అవుతారు.

అదే కంపెనీ పెద్ద బాక్సులోకి డిస్కుల్ని మారిస్తే ఫోటోలతోపాటు యాప్‌లోని వివరాలూ నిలుస్తాయి. మోడల్ సరిపోతుందో లేదో ముందే చూసుకోవాలి, అంతే. అందుకే ఇంటి బాక్సు జాగా అయిపోయినా ప్రస్తుతానికి ఆ కంపెనీలోనే ఉండండి. ఈలోగా ఆ ఫోటోలకు ఒక కాపీ ఆఫీసు కొత్త బాక్సులోకి వెళ్లేలా పెట్టండి. ఆఫీసులో నడుస్తున్న ప్రాజెక్టుల కాపీ పాస్‌వర్డ్‌తో తాళం వేసి (ఎన్‌క్రిప్ట్ చేసి) ఇంటి బాక్సులోకి రానివ్వండి. రెండు చోట్లా ఒకేసారి ప్రమాదం జరగడం చాలా అరుదు కదా.

మామయ్యగారికి కూడా ఒక పని చెప్పండి. ఓ పది ఫోటోలు కాపీ తీసి కంప్యూటర్‌లో పెట్టుకోమనండి, అసలువి తాకకుండా. డిజికామ్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. అందులో ముఖానికి పేరు పెట్టి, ఆ వివరం ఫోటో ఫైల్లోనే రాయమని సెట్టింగ్ పెట్టుకోవచ్చు. పెన్సిల్‌తో వెనకాల రాసినట్టన్నమాట. ఆ పది ఫోటోల్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, డిజికామ్ ఉన్న ఇంకో కంప్యూటర్‌లో తెరిచి, పేర్లు ఉన్నాయో లేదో ఆయన్నే చూడమనండి. ఉంటే, కొత్తగా పెట్టే పేర్లు ఇకనుంచి అలా పెట్టుకుంటూ, పాతవి ఆయన ఓపికను బట్టి నెమ్మదిగా మార్చుకోవచ్చు. ఆ పని ఒక కొలిక్కి వచ్చాక మళ్లీ ఉత్తరం రాయండి, ఇంటి బాక్సు బ్రాండు సంగతి అప్పుడు చూద్దాం.